ఎర్రచుక్క పక్కన

నేను ఒక చేతిని. ఎముకా కండా లేవు; ఏడు కీళ్లు, కీలుకో అద్దం. ఇప్పుడు స్టోరురూములో దుమ్ము కొట్టుకుపోతున్నాను గానీ, ఒకప్పుడు లేజర్ మిషన్‌లో పుట్టిన కిరణాన్ని రోగి గొంతులోకి అందించే పని నాదే. ఆ కిరణం కంటికి కనపడదు. అందుకే అది పడే చోటు చూపించడానికి తోడుగా ఒక ఎర్రచుక్కను పంపిస్తారు. మనుషులు ఆ చుక్కను నమ్మినంతగా కట్టుకున్నవాళ్లను కూడా నమ్మరు.

చలిదేశంలో ఒక ముసలాయన ఊపిరి బిగబట్టి నా అద్దాలు బిగించాడు. కాకినాడ ఆసుపత్రికి వచ్చాక అంత మర్యాద దక్కలేదు. ఒక ఏడాది దసరాకు ఆయుధపూజ అంటూ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, హారతికి నడవాలోకి తోసుకెళ్లారు. తిరిగి తెస్తూ నా భుజాన్ని గుమ్మానికి గుద్దారు. అక్కడ కిరణాన్నీ చుక్కనూ కలిపే అద్దం వెంట్రుకవాసి కదిలింది. గుద్దినవాళ్లు నాకు దండం పెట్టి వెళ్లిపోయారు.

మర్నాడే నూకరత్నం ఆపరేషన్ బల్ల ఎక్కింది. రేవులో చేపల వేలంపాట పాడే మనిషి. మాట పలికించే రెండు స్వరతంత్రుల్లో ఒకదాని మీద బొడిపె లేచి గొంతు బొంగురుపోయింది.

"గొంతు పోతే రేవులో నన్నెవరు పిలుత్తారు సిస్టరుగారూ? జాగర్తగా సూడండి," అని థియేటర్ నర్సు సలోమి చెయ్యి పట్టుకుంది. పట్టుకునే మత్తులోకి జారింది.

డాక్టర్ చక్రధర్ మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. ఎర్రచుక్క సరిగ్గా బొడిపె మీద నిలిచింది. అది అబద్ధమని నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు. ఆయన కాలు పెడల్ మీదికి వెళ్లింది. అంత భయం నేనెప్పుడూ ఎరగను.

"ఆగండి సార్. పుల్ల కాల్చలేదు."

చుక్క పడ్డచోటే కిరణం కాలుస్తోందో లేదో, నాలుక నొక్కి చూసే చెక్కపుల్ల మీద ముందొకసారి కాల్చి చూడటం సలోమి పట్టుదల.

"మొన్నే చూశాం కదా సిస్టర్. పేషెంటు మత్తులో ఉంది."

"మొన్న చూసింది పూజకు ముందు సార్."

ఆయన విసుగ్గా నన్ను పుల్ల మీదికి తిప్పి పెడల్ తొక్కాడు. పొగ లేచింది. చుక్క ఒకచోట ఉంది, కాలిన మచ్చ ఆవగింజంత పక్కన పడింది. గొంతులో ఆవగింజంత పక్కన ఉన్నది ఏ జబ్బూ లేని రెండో తంత్రి. డాక్టరు పెడల్ మీంచి కాలు వెనక్కి తీసుకున్నాడు.

నూకరత్నాన్ని ఏమీ చెయ్యకుండానే లేపారు. ఇంజనీరు వచ్చి నా అద్దం సరిచేశాక, వారానికి ఆపరేషన్ జరిగింది. పది రోజులు నోరు మెదపొద్దన్నారు. పదకొండో రోజు తలుపవతల డాక్టరు గొంతు వినపడింది.

"ఏదైనా అనమ్మా."

"ఒకటోసారీ... రెండోసారీ..."

బొంగురు లేని ఆ కేకకు నడవాలో జనం సద్దు మణిగింది. మూడోసారి మాత్రం రాలేదు. ఎంతసేపటికీ రాలేదు.

"ఏమైంది? గొంతు పట్టేసిందా?" డాక్టరు కుర్చీ కిర్రుమంది.

"గొంతు కాదు సార్," అంది సలోమి. "ఏడుస్తోంది."