ఆటుపోట్లు చెరపని అడుగులు

పెన్‌గ్వారి ఊరి ఆడవాళ్ళు, సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళకి, గుల్లలు ఏరడానికి గాడిదల్ని తోలుకుని ఇసుకలోకి దిగుతారు. పారలు, జల్లెడలు, గోనెసంచులు, గుడ్డలో చుట్టిన రొట్టె, వేయించిన సముద్రపు నాచు. గట్టు దిగి కొంతదూరం పోయాక గుంపు రెండుగా చీలి మళ్ళీ కలుస్తుంది, దారిలో బురదగుంట ఉంటే తప్పుకున్నట్టు. అక్కడున్నది గుంట కాదు, అడుగులు. ఉత్తకాళ్ళవి. ఎడమపాదం కాస్త లోపలికి తిరిగినవి. గుల్లల దిబ్బ నుంచి గట్టు దాకా ఒకటే వరస. సముద్రం ముప్పై ఏళ్ళుగా రోజుకి రెండుసార్లు వాటి మీదికొచ్చి పోతోంది. అవి మాత్రం పోలేదు. మడమల గుంటల్లో చిన్నపీతలు కాపురాలు పెట్టాయి. పిల్లలు అటు పరిగెడితే తల్లులు "ఒరేయ్, తొక్కకండి" అంటారు. అంతే.

టెగ్‌వెన్ మాత్రం ఇసుక మీద నడవదు. బండెక్కి దిబ్బకి పోతుంది, బండెక్కి వస్తుంది. దిగితే మోకాళ్ళ దాకా బూట్లు. "కీళ్ళ నొప్పులమ్మా" అని ముప్పై ఒకటో ఏట మొదలుపెట్టింది. అరవై దాటాక నిజంగానే నొప్పులొచ్చాయి. సంతోషించింది.

ఆ ఇసుక మీద ఒకటే చట్టం. పొగమంచు దిగినా, పోటు తిరిగినా బూర మనిషి ఎద్దుకొమ్ము బూర ఊది ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంది. ఎవరి పేరుకి వాళ్ళే "ఉన్నా" అనాలి. ఒకరి బదులు ఇంకొకరు పలకకూడదు. అందరూ పలికాకే గట్టు వైపు అడుగు.

ముప్పై ఏళ్ళ కిందట బూర నెస్టా చేతిలో ఉండేది. ఆ రోజు పన్నెండు పేర్లు పిలిచింది. పదకొండుమంది పలికారు. "గ్వెన్నో!" అని మూడుసార్లు అరిచింది. మంచులోంచి జవాబు లేదు. కాలవలోకి నీళ్ళెక్కుతున్న చప్పుడు. అప్పుడు టెగ్‌వెన్ అంది: "అది ముందే వెళ్ళిపోయిందక్కా. నేను చూశా."

చూడలేదు. గ్వెన్నోతో ఆమెకి పగా లేదు, పోట్లాటా లేదు. కాళ్ళు చలికి కొయ్యబారాయి, ఇంట్లో పొయ్యి మీది టీ గుర్తొచ్చింది. అంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని తర్వాత ఎన్నేళ్ళు వెతుక్కుందో! దొరకలేదు.

గ్వెన్నో గాడిద ఒక్కటే ఇంటికొచ్చింది. మూడో రోజు సముద్రం గ్వెన్నోని తెచ్చి గట్టు కింద పెట్టింది. ప్రార్థనా మందిరంలో, పెద్దలు కూర్చునే బల్ల ముందు నెస్టాని నిలబెట్టారు. "బూర నాది, తప్పు నాది" అందే తప్ప ఇంకో పేరెత్తలేదు. ఆ తర్వాత ఆమె గట్టు దిగలేదు.

నెస్టా తర్వాత బూర పట్టిన మనిషికి ఇప్పుడు చూపు తగ్గింది. కొత్త మనిషి కావాలి. గుల్లలు ఉడికించే షెడ్డులో, ఆవిరి మధ్య ఆ మాటే నడుస్తోంది. కాలవల మలుపులన్నీ కళ్ళు మూసుకుని చెప్పగలిగేది ఎలెరి ఒక్కతే. కానీ ఎలెరి నెస్టా మనవరాలు.

"పిల్ల మంచిదే," అంది ఓల్వెన్, జల్లెడ దులుపుతూ. "కానీ ఆ ఇంటికా మళ్ళీ బూర? ఊరు నవ్వదూ!"

"మా అమ్మమ్మ చేసిన తప్పేంటో చెప్పు పిన్నీ," అంది ఎలెరి. "ఎప్పుడడిగినా అందరూ గుల్లలు లెక్కపెట్టుకుంటారేం?"

అందరూ ఉడుకుతున్న డేగిసా వైపు చూశారు.

"టెగ్‌వెనక్కా, పెద్దదానివి. నువ్వే చెప్పు," అంది ఓల్వెన్.

టెగ్‌వెన్ నోరు తెరిచింది. ముప్పై ఏళ్ళ మాట నాలిక చివరికొచ్చి నిలబడింది. "ఇంకో ఏడాది చూద్దాంలే," అంది.

ఎలెరి ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది. "చూడండి. తీరిగ్గా చూడండి. సోమవారం నుంచి నేను పట్నంలో రేకుల ఫ్యాక్టరీకి పోతున్నా."

మర్నాడు పొద్దున టెగ్‌వెన్ తలుపు తీసేసరికి వీధిలో అడుగులున్నాయి. షెడ్డు నుంచి ఆమె గుమ్మం దాకా, తడిగా, ఎడమపాదం లోపలికి తిరిగి. ఆమె నడిచింది బూట్లతో. పడ్డవి మాత్రం ఉత్తకాళ్ళ అచ్చులు. చీపురుతో తోమింది. బట్టల సోడా పోసి తోమింది. మధ్యాహ్నం వాన కురిసి వెలిసింది. రాళ్ళన్నీ ఆరాయి, అవి ఆరలేదు. పాలవాడు డబ్బాతో పక్కకి తప్పుకుని నడిచాడు. పాస్టరుగారు గౌను ఎత్తిపట్టుకుని దాటారు. అందరూ ఎప్పట్లాగే పలకరించారు. ఆ పలకరింపులకి ఆమె తలెత్తలేకపోయింది.

బూట్లు విప్పేసి నెస్టా ఇంటికి వెళ్ళింది. ఎనభై ఏళ్ళ నెస్టా ముందు ఆమె కాళ్ళకేసి, తర్వాత ముఖంకేసి చూసింది.

"ఇన్నాళ్ళకి తీరిందే నీకు?"

"అక్కా, ఆ రోజు నేను చూడలేదు."

"తెలుసు."

"తెలిసీ నా పేరు చెప్పలేదేం?"

"ఏమని చెప్పనే? నీ మాట నమ్మలేదు నేను. ఇంకోసారి పిలవాల్సింది. పిలవలేదు." నెస్టా శాలువా దగ్గరికి లాక్కుంది. "నాకూ చలేసింది."

టెగ్‌వెన్ వెళ్ళబోయి గుమ్మంలో ఆగింది. "నీ మనవరాల్ని రేపు ఆటు వేళకి పంపు. నువ్వూ రా."

మర్నాడు ఆడవాళ్ళందరూ చూస్తుండగా టెగ్‌వెన్ గట్టు దిగి, ఆ పాత అడుగుల్లో తన పాదాలు పెట్టింది. చెప్పుల జత కుదిరినట్టు కుదిరాయి. గట్టు వైపే ముఖం పెట్టి, ఒక్కొక్క అడుగూ వెనక్కి తొక్కుకుంటూ దిబ్బ దాకా పోయి, వెంట వచ్చిన వాళ్ళవైపు చూసింది.

"గ్వెన్నో బదులు పలికింది నేను. అబద్ధం పలికాను. నెస్టా కాదు, నేను."

ఓల్వెన్ మెల్లగా అంది: "తెలుసక్కా. ఆ రోజు పద్దెనిమిదేళ్ళు నాకు, నీ పక్కనే ఉన్నా. నువ్వు తల పక్కకైనా తిప్పలేదు. ఎలా చూస్తావ్?"

"మరి మందిరంలో అందరూ నోళ్ళు కుట్టుకుని కూర్చున్నారేం?" అంది ఎలెరి.

ఓల్వెన్ తన బూట్ల వైపు చూసుకుంది. కాసేపటికి వెళ్ళి, బండిలో ఉన్న బూర తెచ్చి ఎలెరి చేతిలో పెట్టింది. గట్టు మీద కర్ర ఆనించి నిలబడ్డ నెస్టా అది చూసి కూర్చుండిపోయింది.

పోటు తిరిగాక ఎలెరి బూర ఊదింది. అందరి పేర్లూ పిలిచింది. అందరూ పలికారు. ఆఖర్న "గ్వెన్నో!" అంది. ఎవరూ పలకలేదు. నీళ్ళు మడమలు తాకేదాకా అలాగే నిలబడి విన్నారు.

తెల్లారి ఆటుకి ఇసుక మీద టెగ్‌వెన్ అడుగులు లేవు. వీధిలోనూ లేవు. దిబ్బ దగ్గర మాత్రం పది జతల పాదాలున్నాయి. నడిచినవి కావు, కదలకుండా నిలబడ్డవి. వేళ్ళన్నీ గట్టు వైపు. ఆ రోజు టెగ్‌వెన్‌తో పాటు పేరుకి పలికిన పదిమందివి. కొన్ని ఇప్పుడు శ్మశానంలో ఉన్నవాళ్ళవి. కొన్ని కావు.

టెగ్‌వెన్ తన బండిని వదిలేసి వాటి పక్కగా నడిచింది. వెనక ఓల్వెన్ ఒంగి బూటు తాడు విప్పుకుంటోంది. ఆమె వెనక ఇంకొకామె ఒంగింది.

ఎలెరి బూర చంకన పెట్టుకుని, వాళ్ళకోసం ఆగింది.