రెండు దవాఖానల్లో రెండు మాటలు

అండాలమ్మ చాటలో బియ్యం చెరుగుతుండగా ఫోన్ మోగింది. దవాఖాన నుంచే అన్నాడు అవతలివాడు. గొంతు మెత్తగా ఉంది. ఆమె మొగుడు మట్టయ్య వయసు చెప్పాడు, షుగరు చెప్పాడు, హెర్నియా ఏ పక్కనుందో కూడా చెప్పాడు. తాను పంపిన లింకు నొక్కకపోతే ఆపరేషన్ ఆగిపోతుందన్నాడు. చివర్లో ఇంకో మాట అన్నాడు.

"పెద్దాయన దినాం క్వార్టర్ తాగుతడని కూడా ఈడ రాసుంది గద అమ్మా."

ఆమె ఫోన్ కట్ చేసింది. చాట ఒరిగి బియ్యం నేలపాలయ్యాయి.

ఆ తాగుడు ఈనాటిదా? గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్ననాళ్ళు బత్తాయి లారీలు దింపి, ఒళ్ళునొప్పులకని మొదలుపెట్టాడు. మార్కెట్ అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది, సీసా మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. బయట ఎవరికీ తెలియదు. ఒక్క యాదలక్ష్మికి తప్ప.

యాదలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్‌లోని చిన్న నర్సింగ్ హోంలో నర్సు. మట్టయ్యను మొదట చూపించింది అక్కడే. నల్గొండ పిల్ల. పెద్దమ్మా అంటూ చాయ్ తాగించి అడిగితే, అండాలమ్మ కడుపులో ఉన్నదంతా చెప్పేసింది. ఆ పిల్ల అంతా కంప్యూటర్లో కొట్టింది. ఆ కంప్యూటరేమో లైన్లో నిలబడ్డవాళ్ళందరికీ కనబడుతుంది. పాస్‌వర్డు చీటీ దాని నెత్తినే అంటించారు. పగటిపూట వాచ్‌మన్ అందులో క్రికెట్ చూస్తాడు. ఎంత కలుపుగోలు జాగా అని అండాలమ్మ అప్పుడు మురిసింది.

తర్వాత కూతురు మౌనిక ఇద్దర్నీ ఎల్బీనగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ వివరాలు రాసుకునే అమ్మాయి మంచినీళ్ళకు లేచినా కంప్యూటర్ తెర మూసి లేచేది. మనమేమన్నా దొంగలమా అని అండాలమ్మకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే, తాగుతారా అని అడిగితే, ఏనాడో మానేశాడని చెప్పేసింది.

నిన్న అక్కడే చేర్చుకున్నారు. రేపు పొద్దున ఆపరేషన్. మత్తు ఇచ్చేవాళ్ళు తన అబద్ధాన్నే నమ్మి సూది వేస్తారు. పొద్దున దవాఖానలో ఆయన చేతులు వణుకుతుంటే ఏసీ చలి అనుకుంది తాను. ఆ సంగతి గుర్తొచ్చి అండాలమ్మ బియ్యం అలాగే వదిలి, మౌనికను వెంటబెట్టుకుని దవాఖానకు బయల్దేరింది.

మెట్రోలో మౌనికకు చెప్పుకుంది. నర్సింగ్ హోం నుంచే బయటికి పొక్కిందని, సైబర్ పోలీసులకు చెప్దామని అంది కూతురు. ఆపైన ఊరుకోలేదు.

"గుట్టు దాచేటోళ్ళ కాడ నోరు మూసుకుంటివి. బజార్ల పెట్టేటోళ్ళకేమో అంత చెప్తివి."

మత్తు డాక్టరు విజయదుర్గ కోస్తా మనిషి. అంతా విని కంప్యూటర్ వైపు తిరిగింది. అండాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"గా కంప్యూటర్ల రాయకు బిడ్డా. ఎవడో సదువుతడు."

"రాయకపోతే లోపలున్న వాళ్ళకి ఎలా తెలుస్తుందమ్మా? ఆ వణుకు చలి కాదండీ, తాగుడు ఆగిపోయి వచ్చింది. ముందు దానికి వైద్యం చేయాలి. రేపు ఆపరేషన్ వద్దు."

అండాలమ్మ ఆ తెరను చూసింది. ఇక్కడా ఎవడైనా చొరబడడని ఎవరు చెప్పగలరు? అయినా చెయ్యి వదిలింది.

"రాయి బిడ్డా. మనిషి దక్కాలె."

డాక్టరు రాసి, తెర మూసి, మట్టయ్య దగ్గరకు నడిచింది. వెనకే నడుస్తున్న అండాలమ్మ రొంటిన ఫోన్ మళ్ళీ మోగింది. తీయలేదు. మోగుతున్నంతసేపూ దాన్ని చీరకొంగుతో గట్టిగా అదిమిపట్టి నడిచింది.