అది త్రిభుజమే కాదు సార్

చేవెళ్ల దగ్గరి ఒక సర్కారు బడిలో మాణిక్యం సారు ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాడు. పాఠం ముగించి "అర్థమైందా?" అన్నప్పుడల్లా కిటికీ పక్క రెండో బెంచీలోంచి ఒక చెయ్యి లేచినట్టు అనిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. పన్నెండేళ్లుగా ఇదే వరస.

ఆ చెయ్యి సమతది. అప్పుడామె తొమ్మిదో తరగతి. సమద్విబాహు త్రిభుజంలో ఒక భుజం అయిదు, ఇంకొకటి పదకొండు; చుట్టుకొలత ఎంత? గైడు చూసి ఆయన బోర్డు మీద అయిదు, అయిదు, పదకొండు కలిపి ఇరవై ఒకటి అని రాశాడు.

సమత లేచింది. "అది త్రిభుజమే కాదు సార్. అయిదు, అయిదు కలిపినా పదే గద. పదకొండుకు ఎట్ల అందుతయి?" చీపురు పుల్లలు కొలిచి తుంచి బెంచీ మీద పేర్చి చూపించింది.

"గైడు రాసినోళ్ల కంటె నీకెక్కువ తెలుసా? కూసో," అన్నాడాయన. క్లాసంతా నవ్వింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయనా పుల్లలు పేర్చాడు. కొసలు కలవలేదు. రేపు చెబుదామనుకున్నాడు. తెల్లారి పిల్లల ముఖాలు చూశాక నోరు రాలేదు. కొత్త పాఠం మొదలుపెట్టాడు. సమత మళ్లీ చెయ్యెత్తలేదు. పదో తరగతిలో లెక్కల్లో తప్పి చదువు మానేసింది.

మొన్న దొంతన్‌పల్లి యూనివర్సిటీలో టీచర్లకు శిక్షణ జరిగింది. చదువుకు తెలివి ఒక్కటే చాలదని, తన తప్పు తాను ఒప్పుకునే నిజాయితీ కూడా కావాలని చెబుతూ ఫిలాసఫీ మేడం అడిగింది: "తప్పు చెప్పి, తెలిసీ దిద్దకుండా వదిలేసినవాళ్లు మీలో ఉన్నారా?" మాణిక్యం చెయ్యి ఒడిలోంచి కదలలేదు.

ఆ ఆదివారం వాకబు చేసుకుంటూ అజీజ్‌నగర్ పోయాడు. సమత అక్కడొక ఫాంహౌసులో వంట చేస్తోంది. గేటు దగ్గరే నిలబడి చెప్పాడు: "బిడ్డా, ఆ దినం నువ్వు చెప్పిందే కరెక్టు. నాకు అదే సాయంత్రం ఎరికైంది. అయినా చెప్పలే. తప్పు నాది."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నేను గూడ ఇంట్ల మల్ల పేర్చి చూసిన సార్. నాలుగు సార్లు చూసిన, కలవలే. మా సార్ తప్పు చెప్తడా, నా కండ్లకే ఏమో అయ్యిందనుకున్న. ఇప్పటికీ అంతే. కూరల ఉప్పు సరిపోయిందని నా నాలికకు తెలుస్తది. అయినా ఇంకొకల్ని అడుగుత."

"ఓపెన్ స్కూల్ల పరీక్ష రాయి బిడ్డా. నేనొచ్చి చెప్త."

"జర ఆలోచన చేస్త సార్," అంది. లోపలి నుంచి పిలుపొస్తే వెళ్లిపోయింది.

సోమవారం తొమ్మిదో తరగతిలో సంగతంతా దాచకుండా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. పూజిత అనే పిల్ల అడిగింది: "గట్లయితే మాకు చెప్పినయిల ఎన్ని తప్పులున్నయి సార్?"

"నాకు తెల్వదు బిడ్డా."

క్లాసులో ఆ మాట అనడం ఆయనకు అదే మొదలు. తన పాత నోట్సు బల్ల మీద పెట్టి, పిల్లల్ని చుట్టూ పిలిచి, మొదటి పేజీ నుంచి కలిసి సరిచూడటం మొదలుపెట్టాడు. మూడో పేజీలోనే ఒక లెక్క దగ్గర ఆగవలసి వచ్చింది.