బంగళా వైపు తిరిగే అడుగు

ఆ పొద్దు మబ్బు బాగా కిందికి దిగింది గానీ చినుకు రాల్చలేదు. వేరుశనగ ఊడలు దిగే అదను. ఇరవై రోజులుగా ఇదే తంతు. తెల్లారి కమ్ముకోవడం, ఎండెక్కేసరికి గాలికి కొట్టుకుపోవడం. దాన్ని తిట్టుకుంటూనే ఎనిమిది మందిమి ఆటో ఎక్కి, బద్వేలు అవతల ఉన్న మా మండలాఫీసుకు పోయాం. ఆగస్టు పదిహేను.

మాది చెక్కభజన గుంపు. చేతుల్లో చెక్కతాళాలు వాయిస్తూ, పాడుతూ అడుగులేస్తాం. మా గురువు ఓబుళేశన్నకు డెబ్బై ఎనిమిదేళ్లు. మోకాళ్లు అరిగాయి. వచ్చే ఏటికి అడుగు వేయలేనని ఆయనే చెప్పాడు. వాళ్ల నాయన కట్టిన పాటను జెండా కింద ఒక్కసారి, ఉన్నది ఉన్నట్టు ఆడాలని ఆయన కోరిక. మూడేళ్లు అర్జీలు పెడితే ఈసారికి మా పేరు జాబితాలో పడింది.

కార్యక్రమాలు చూసుకునేది వసంతకుమార్ సారు. హైస్కూల్లో అయ్యవారు. పాట రాసిన కాగితం అడిగి తీసుకుని చదివాడు.

"కడలి దాటొచ్చినాడు పది తలల దొర
గడపలోని సీతమ్మ నెత్తుకపోయె."

"ఇది రాముని భజన కదప్పా! దీంట్లో దేశం యాడుండాది? జెండా లేదు, భరతమాత లేదు."

"ఉండింటే ఆ పొద్దే పోలీసోళ్లు పట్టుకపోయుండరా సార్?" అన్నాడు ఓబుళేశన్న. వేపచెట్ల వెనక పాత బంగళా వైపు చెయ్యి చూపించాడు. "తెల్లదొర వచ్చి దిగేది ఆడనే. 'దొర' అనే మాట కాడ మా నాయనోళ్లు అందరూ అటు తిరిగి కాలు దంచేవాళ్లు. పోలీసోళ్లు భజనే అనుకోని మూడేండ్లు తలకాయ ఊపినారంట. ఒకేడు తిరునాళ్లలో నాలుగూర్ల గుంపులు కలిసి ఆడితే, అందరూ అటే తిరిగినారు. చదువు రానోళ్లు సార్. మన కడుపులో మంటే పక్కూరోని కడుపులో గూడా ఉండాదని ఆ పొద్దు తెలిసింది వాళ్లకు. తెల్లారి పోయి అందరూ కల్లంగడికి అడ్డం కూసున్నారు. మా నాయన ఆర్నెల్లు జైల్లో ఉండె."

ఆయన అంత పొడుగున మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.

సారు గడియారం చూసుకున్నాడు. "బాగుండాది. రాసి పెట్టిందేమన్నా ఉండాదా?"

"అడుగులో ఉండాది సార్."

"సరే, నాలుగు నిమిషాలు. ఆ తిరిగేది మాత్రం వద్దు. బంగళా స్టేజీ ఎనకుండాది. మీరు అటు తిరిగితే ముందర కూసున్న పెద్దోళ్లకు వీపు చూపించినట్టు. ఫోటోల్లో గూడా వీపులే పడతాయి."

మాలో ఆనందం అనేవాడికి నోరు ఊరుకోదు. "అప్పుడు మొగం చూపితే జైలు, ఇప్పుడు వీపు చూపితే తప్పు. ఎండ్రకాయ మాదిరి పక్కకు నడుచుకుంటా ఆడమంటావా సార్?"

మేం నవ్వాం. సారు నవ్వలేదు.

"ఎగతాళా? తిరిగితే మైకు ఆపిస్తా. ఇంకోసారి పిలిచేదీ లేదు. పిల్లోళ్ల డాన్సులే పన్నెండుండాయి నాకు."

ఓబుళేశన్న బంగళా వైపే చూస్తున్నాడు. పెట్టిన అర్జీలన్నీ గుర్తొచ్చి నేనే తొందరపడ్డాను. పాడనిస్తే చాలనుకున్నాను.

"సరే సార్, తిరగం" అన్నాను.

ఓబుళేశన్న నా వైపు ఒకసారి చూసి, గజ్జెలు కట్టుకోవడానికి వంగాడు.

పన్నెండు డాన్సులూ అయ్యాక మమ్మల్ని పిలిచారు. సారు మెట్ల దగ్గర చెయ్యెత్తి నిలబడ్డాడు, దించితే మైకు ఆపమని మైకువాడికి సైగ. ఓబుళేశన్న గొంతెత్తాడు. "దొర" అనే మాట రాగానే నా మడమ తనంతట తానే తిరగబోయింది. ముప్పై ఏళ్ల అలవాటు. బిగబట్టి ఆపుకున్నాను. పక్కన ఆనందమూ ఆపుకున్నాడు. ఏడుగురం పెద్దోళ్లను చూస్తూనే చెక్కలు కొట్టాం.

ఓబుళేశన్న ఒక్కడే తిరిగాడు. బల్లల మీద ఆయన కాలు దంచిన చప్పుడు ఒంటిగా వినిపించింది.

సారు చెయ్యి దించలేదు. మైకూ ఆగలేదు. ఒక్కడి కోసం ఆపడమెందుకు అనుకున్నాడేమో. ముందు వరసలో ఎవరో నవ్వుతూ "పెద్దాయనకు అడుగు తప్పిందిరా" అన్నారు. పాట అయ్యాక చప్పట్లు బాగానే కొట్టారు. చక్కటి భక్తి నృత్యం అని మైకులో చెప్పి, ఓబుళేశన్నకు శాలువా కప్పారు. ఆ శాలువా ఫోటోలో ఎవరి వీపూ పడలేదు.

మధ్యాహ్నం ఆయన ఇంట్లోనే అందరికీ భోజనం. భార్య అంజనమ్మ సంగటి కెలికి, శనక్కాయల ఊరుబిండి పచ్చడి నూరి పెట్టింది.

"ఎట్ల ఆడితిరప్పా? అందరూ తిరిగితిరా?"

ఆనందం కూడా నీళ్లచెంబు అందుకున్నాడు. ఆమె మా ముఖాలు చూసింది. మళ్లీ అడగలేదు. ఓబుళేశన్న మొదటి ముద్ద నా పళ్లెంలో వేయమని చేత్తో సైగ చేశాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎనిమిది మందిమి గోడ వారగా కూర్చుని తిన్నాం.