సుసన్నమ్మ హీటరు పొగ

చలికాలంలో సుసన్నమ్మకు ముందు హీటరు, తర్వాతే ప్రార్థన. వత్తి కొస సమంగా కత్తిరించి, మసి తుడిచి, కిరసనాయిలు పోసి వెలిగిస్తుంది. బొగ్గు మీద కూర్చున్న గోదావరిఖనిలో ఈ నూనె హీటరేమిటని నవ్వినవాళ్లు కూడా తగాదా వస్తే ఆమె గడపే ఎక్కుతారు. ఆ హీటరు దగ్గర అబద్ధమాడితే మంట పసుపెక్కి పొగ చిమ్ముతుంది. నిజం చెబితే నీలంగా నిలబడుతుంది. తగువు తీరాక చాయ్ తాగి వెళ్లిపోతారు.

ఆ పొద్దున ఇల్లంతా పొగ.

"గాసునూనెల నీళ్లు కలిపి అమ్మిండ్రు," అన్నాడు కొడుకు దయాసాగర్. మోకాళ్లు అరిగి గనిలో అన్‌ఫిట్ అయ్యాడు. అతని ఉద్యోగం కూతురు సుజితకు వస్తోంది. ఆఫీసు కావాలో, భూగర్భ గని కావాలో రాసి ఆ రోజు పదింటికల్లా ఇవ్వాలి. ఆడపిల్లలు గనిలోకి దిగడం ఇప్పుడిప్పుడే మొదలైంది. తండ్రి వద్దంటే సుజిత సరేనంది. కాగితం మీద 'ఆఫీసు' అని రాసేశారు.

సుసన్నమ్మ నూనె మార్చింది. వత్తి మళ్లీ కత్తిరించింది. గాలి రంధ్రాలు పిన్నీసుతో పొడిచింది. వంకరగా ఉందేమోనని కింద అట్టముక్క పెట్టింది. పొగ తగ్గలేదు.

"నా చేతిల తప్పు లేదు. అబద్ధం ఎవలదో చెప్పుండ్రి," అని గుడ్డ విసిరికొట్టింది.

సుజిత తలొంచుకుంది. "నాదే నాయినమ్మా. ఆఫీసు ఇష్టమని నాయినతోని అన్న. నాకు బొగ్గుబాయిల దిగాలెనని ఉన్నది. మైనింగు డిప్లొమా సదివింది కుర్చీల కూసునేటందుకా?"

మంట సగం నీలమైంది. మిగతా సగం పొగ వదులుతూనే ఉంది. ఇద్దరూ దయాసాగర్ వైపు చూశారు.

"నన్నెందుకు సూస్తరు? ఆడపిల్ల బాయిల దిగుడు నాకిష్టం లేదు, గంతే."

హీటరు అతని మొహం మీదే గుప్పుమని పొగ కొట్టింది. దగ్గి దగ్గి దారికొచ్చాడు.

"ఇష్టం లేక కాదు బిడ్డా, భయం. లోపట నేనెట్ల బతికిన్నో నాకెరుక. కానీ మనసాగక, నా బిడ్డ దిగుతదని నెల కిందనే చాయ్ హోటల్ల అందరికీ చెప్పుకున్న."

మంట నీలంగా నిలబడింది. దయాసాగర్ కాగితం తీసుకుని 'ఆఫీసు' కొట్టేసి, 'భూగర్భ గని' అని పెద్దక్షరాలతో రాశాడు.

కాగితం ఇవ్వడానికి తండ్రీ కూతుళ్లు తొమ్మిదింటికే బయలుదేరారు. దయాసాగర్ ఎదురైన ప్రతి మనిషినీ ఆపి, ఎవరూ అడగకపోయినా, "మా సుజిత బాయిల దిగుతాంది," అని చెప్పాడు. పది నిమిషాల దారికి గంట పట్టింది. సుజితకు సిగ్గుగానూ ఉంది, గర్వంగానూ ఉంది. జల్ది నడువు నాయినా అని ఒక్కసారి కూడా అనలేదు.