పద్దు పక్కన మూడు చుక్కలు

లెక్కలు ముందే బయటికి పొక్కకుండా, బడ్జెట్ పుస్తకం అచ్చయ్యే అయిదు రోజులూ ప్రెస్సు తలుపులకు బయటినుంచి తాళం. ఫోన్లన్నీ గేటు దగ్గర డబ్బాలో. ప్రూఫు గదిలో ఇద్దరే ఉన్నారు. పైకి చదివేది పెద్దాయన. విని, అచ్చు కాగితంతో సరిచూసి టిక్కు పెట్టేది చెల్లెమ్మ. ప్రెస్సులో ఆమెను అందరూ అలాగే పిలుస్తారు.

"వడ్డీ చెల్లింపులు, పదకొండు లక్షల ఎనభై మూడు వేల నాలుగు వందల ఆరు కోట్లు." నియమం ప్రకారం పెద్దాయన రెండోసారీ చదివాడు. "నోరు నొప్పెడుతోంది గానీ బుర్రకెక్కట్లేదమ్మా. ఇరవై ఏళ్ల నుంచీ చదువుతున్నా, ఇదెంతో నాకు తెలీదు."

"నాకు మాత్రం తెలుసా బాబాయ్? కామాలు సరిగ్గా ఉంటే చాలు."

"మా తోడల్లుడు ఎగ్గొట్టిన అయిదు వేలయితే ఒళ్లంతా తెలుస్తుంది!"

ఆమె నవ్వి పేజీ తిప్పింది. సగం పేజీ దిగేసరికి నవ్వు ఆగిపోయింది.

కృత్రిమ కాళ్ల కేంద్రం. అన్నయ్య పనిచేసేది అక్కడే. కుర్రతనంలో యంత్రం కింద కాలు పోగొట్టుకుని, అక్కడే కాలు పెట్టించుకుని, అక్కడే ఆ పని నేర్చుకున్నాడు. ఆ జీతంతోనే ఆమెను చదివించాడు. వాళ్లింట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి ఆమే. కేంద్రానికి ఏడాదికి యాభై రెండు లక్షలు వస్తాయని అన్నయ్య నోట వంద సార్లు విన్నది. పుస్తకంలో లెక్కంతా కోట్లలో ఉంటుంది కాబట్టి నిరుడు దాన్ని ఒకటి అని వేశారు. ఈ ఏడాది గడిలో మూడు చుక్కలున్నాయి.

అర కోటి లోపు ఉన్నా చుక్కలే, అసలేమీ లేకపోయినా చుక్కలే.

తప్పు దొరికితే మార్జిన్‌లో ప్రశ్న గుర్తు పెట్టవచ్చు. కానీ మూలప్రతిలోనూ చుక్కలే ఉన్నాయి. ఆమె కాగితం పట్టుకుని పక్క గదిలోని ఆర్థిక శాఖ అధికారి దగ్గరికి వెళ్లింది.

"సార్, ఇది అర కోటి లోపా, అసలే లేదా?"

ఆయన ఫైలు తెరిచి చూశాడు. "లేదమ్మా. తీసేశారు."

"ఎందుకండీ?"

"లోటు. చిన్న పద్దులు నూట పది ఏరేశాం."

"అన్నీ కలిపితే ఎంత తగ్గింది సార్?"

"యాభై చిల్లర కోట్లు. లోటు అంకెలో కనపడదులే." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తగ్గించామని చెప్పడానికి ఏదో ఒకటి తగ్గించాలి కదమ్మా."

తిరిగొచ్చి ఆమె చిత్తు కాగితం మీద వడ్డీని రోజులతో, గంటలతో, నిమిషాలతో భాగించింది. నిమిషానికి రెండు కోట్ల పాతిక లక్షలు. అన్నయ్య కేంద్రం ఏడాది పొడుగునా బతికేది పద్నాలుగు సెకన్ల వడ్డీతో. ఇందాక పెద్దాయన ఆ అంకెను రెండుసార్లు చదివి ఊపిరి పీల్చుకునేసరికి అంత సొమ్మూ ఖర్చయిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమెకు దేశం కట్టే వడ్డీ ఎంతో తెలిసింది.

"ఏమ్మా, టిక్కు పెట్టావా?"

"మూలప్రతిలో ఉన్నట్టే ఉంది బాబాయ్," అని టిక్కు పెట్టింది.

అయిదో రోజు మధ్యాహ్నం పార్లమెంటులో బడ్జెట్ చదివాక తలుపులు తీశారు. ఫోను చేతికి రాగానే మోగింది.

"ఏవే, జైలు నుంచి విడుదలయ్యావా?" అన్నయ్య గొంతు హుషారుగా ఉంది, వెనక ఆకురాయితో ఏదో అరగదీస్తున్న శబ్దం. "మా పేరుందటే పుస్తకంలో! మా గుమాస్తా చూశాడు."

"పేరుంది అన్నయ్యా. నిరుటి లెక్క చూపించాలని వేశారు. ఈ ఏటికి ఏమీ ఇవ్వలేదు."

"ఎంత తగ్గించారు?"

"మొత్తం."

అవతల ఆకురాయి శబ్దం ఆగింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొన్న. చెప్పే దారి లేకపోయింది."

అన్నయ్య వినపడీ వినపడనట్టు అన్నాడు: "ఇవాళ పొద్దున్నే ఏడుగురికి కొలతలు తీసుకున్నానే. వచ్చే నెల రమ్మన్నాను."