పూచీ పడ్డవాడు

మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తున్నంతసేపూ ఆమెకు పాఠం అప్పజెప్పక తప్పలేదు. ఈ దేశపు పౌరసత్వం పరీక్ష దగ్గరపడింది మరి. "స్పాన్సర్ అంటే ఎవరే?" అన్నాడాయన. "మీరు" అంది. "అదీ! నేను సంతకం వెనక్కి తీసుకున్నానంటే మూటాముల్లె సర్దుకోవాల్సిందే" అని నవ్వాడు. కొత్త మాటేం కాదు లెండి. కాపురానికొచ్చిన నాటి నుంచీ కూరలో ఉప్పు తగ్గినా అదే మాట, ఎదురు జవాబు చెప్పినా అదే మాట. అత్తగారైతే, "ఈ దేశంలో నీ ఉనికి తుమ్మితే ఊడే ముక్కు, జాగ్రత్త" అనేది. తర్వాత ఆవిడ పోయింది, ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

అక్క మంచాన పడ్డప్పుడూ అంతే. తల్లి లేని పిల్లని చంకనేసుకుని పెంచిన అక్క. "ఒక్కసారొచ్చి పోవే, నీ మొహం చూసుకుంటాను" అని ఫోనులో అడిగితే, ఆయన పక్కనుంచి, "ఈ దేశం గడప దాటితే మళ్ళీ రానివ్వరు. నీ పిల్లలు తల్లి లేనివాళ్ళయిపోతారు, నీ ఇష్టం" అన్నాడు. తల్లి లేకపోవడమంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాలా? ఆగిపోయింది. అక్క పోయిన కబురొచ్చిన పొద్దున కూడా అందరికీ క్యారేజీలు కట్టింది.

పరీక్షకు చదివించే పంతులమ్మ మన భాష పిల్లే. ఆ వారం క్లాసులో ఆ మాటే వచ్చింది.

"స్పాన్సరంటే పూచీ పడ్డవాడు పిన్నీ. మీకు కూడూ గుడ్డా లోటు రానివ్వనని సర్కారుకి మాటిచ్చినవాడు. అంతేగానీ మిమ్మల్ని వెళ్ళగొట్టే హక్కు ఆయనకెక్కడిది? మీది శాశ్వత నివాసపు కార్డు."

"మరి ఊరెళ్తే?"

"వెళ్ళి రండి, ఎవరొద్దన్నారు? ఏళ్ళ తరబడి ఉండిపోకూడదంతే."

"ఎప్పట్నించమ్మా ఇది?"

"మీ కార్డు చేతికొచ్చిన రోజు నుంచీ."

కార్డు వచ్చేటప్పటికి చిన్నది ఉయ్యాల్లో ఉంది. ఇప్పుడది కాలేజీకి వెళ్తోంది. క్లాసులో అందరూ పేజీ తిప్పారు. ఆమెకు అక్షరాలు అలుక్కుపోయాయి.

పాపం, ఆయనకీ తెలియదేమోలే అని దారి పొడుగునా తనకు తానే సర్దిచెప్పుకుంది పిచ్చితల్లి. అన్నం వడ్డిస్తూ అడిగింది, "అప్పుడు అక్క దగ్గరికి నేను వెళ్ళి రావచ్చుటగా?"

ఆయన తలెత్తలేదు. ముద్ద కలుపుతూనే, "నువ్వెళ్తే ఇక్కడ వంటెవరు చేసేవాళ్ళు? అప్పుడు మంచంలో ఉన్న మా అమ్మనెవరు చూసేవాళ్ళు?" అన్నాడు.

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

"పరీక్ష కాగానే నేను ఊరెళ్తున్నాను" అంది.

"ఇప్పుడెవరున్నారని అక్కడ?"

"ఎవరూ లేరు. అయినా వెళ్ళొస్తాను."